రాజావారి చిన్నరైలు

విశాఖలో హౌరా వైపు బండెక్కి శ్రీకాకుళం రోడ్డు దాటితే కాసేపటికి నౌపడ వస్తుంది. ఉప్పుమడులకు పేరున్న ఊరు. అక్కడి పెద్దవాళ్ల దగ్గర ‘పర్లాకిమిడి చిన్నరైలు’ అని చూడండి... ముఖాలు వెలిగిపోతాయి!

మన కోస్తా రైలుమార్గాన్ని 1893-96 మధ్య వేశారు. అది పర్లాకిమిడికి 40 కిలోమీటర్ల దూరంనుంచే వెళ్లిపోయింది. రైలు తమ ఊరికి రాకపోతేనేం, తామే లైను వేసుకుందామనుకున్నారు రాజా గౌరచంద్ర గజపతి. 1898లో అనుమతి వచ్చింది. ఏడు లక్షల రూపాయలు ఖర్చయింది. 1900 ఏప్రిల్ 1న రైలు కూత పెట్టింది. విక్టోరియా మహారాణి ఏలుబడిలో చివరి రోజులవి.

పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే! బ్రాడ్‌గేజిలో సగం కూడా లేదు. తేలికపాటి పట్టాలు, చిన్న వంతెనలు... ఖర్చు తక్కువ.

ఇలాంటి చిన్న లైన్లకు ఆ కాలంలో బాగా అచ్చొచ్చినవి ట్యాంకు ఇంజన్లు. పెద్ద ఇంజన్లు బొగ్గు, నీళ్లకోసం వెనకాల టెండరు లాక్కెళతాయి. ట్యాంకు ఇంజను రెంటినీ తన ఒంటిమీదే మోస్తుంది. ఆ బరువుతో చక్రాలకు పట్టు దొరుకుతుంది. వెనక్కి నడిపినా ఇబ్బంది లేదు. కాకపోతే దాహం ఎక్కువ, తరచూ నీళ్లు పట్టాలి. 1889లో మొదలైన డార్జిలింగ్ ‘బి’ తరగతి ఇంజన్లు ఇలాంటివే. బాయిలరు మీద గుర్రపు జీనులా నీళ్లతొట్టి ఉంటుంది.

రాజావారి రైలుకు మొదట్లో నష్టాలే. 1910 తర్వాత కాస్త లాభాలు కనిపించాయి. 1931 నాటికి లైను గుణుపురం చేరింది. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. చిన్నరైలు మాత్రం టెక్కలి, పాతపట్నం జనాన్ని ఎప్పటిలాగే అటూ ఇటూ తిప్పింది.

1992లో ఆవిరి ఇంజన్లు ఆగాయి. 2004 జూన్ 9న చిన్నరైలే ఆగిపోయింది. 2011 ఆగస్టులో పెద్దబండి వచ్చింది. ఇప్పుడు గుణుపురంవాళ్లు నౌపడలో బండి మారకుండానే విశాఖ రావచ్చు. ఆ సుఖాన్ని ఎవరు కాదంటారు?

కానీ అదే కాలపు డార్జిలింగ్ రైలును 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అది ఇంకా నడుస్తోంది. మనది జ్ఞాపకంగా మిగిలింది. మీ ఇంట్లో ఆ రైలెక్కిన తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఈ ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చెప్పించండి. ఆ కూత విన్నవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు మరి!