తీస్తామన్న తలుపు తీయాల్సిందే

తమిళనాడు అనగానే ఉక్కపోతే గుర్తొస్తుంది అందరికీ. హోసూరు చలి బయటివాళ్లకు తెలియదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మాది. మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామున పాలకు వెళ్లేవాళ్లు కూడా తలకు మఫ్లరు చుట్టుకుంటారు. ఆ వేళకు బస్టాండులో, మూసిన అంగళ్ల అరుగుల మీద గోనెపట్టాలు కప్పుకుని ముడుచుకున్నవాళ్లు కనిపిస్తారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లు కొందరు, ఒడిశా, బిహార్ల నుంచి వచ్చినవాళ్లు ఇంకొందరు. ఇల్లున్నా ఇంట్లో చోటు లేని ముసలివాళ్లూ ఉంటారు.

రెండేళ్ల కిందట డిసెంబరులో మా తెలుగు బడి ఉపాధ్యాయులం, తల్లిదండ్రులు కొందరం కలిసి బడి దగ్గరి పాత సత్రంలో ఆరు వారాలు రాత్రి ఆశ్రయం నడిపాం. మేం బాగా చేసినవాటికన్నా చేసిన తప్పులే ఇతరులకు ఎక్కువ పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

దుప్పట్లు దొరికాయి, మనుషులు దొరకలేదు

మొదటి వారంలోనే 60 దుప్పట్లు వచ్చిపడ్డాయి. రాత్రి మేలుకుని కూర్చునేవాళ్లే రాలేదు. 8 నుంచి 1 దాకా ఇద్దరు, 1 నుంచి 6 దాకా ఇద్దరు, అంటే వారానికి 28 వంతులు. మా పుస్తకంలో పేర్లు రాసినవాళ్లు 17 మంది. రెండో వారానికి మిగిలింది 9 మంది. ఒక్కొక్కరికి వారంలో మూడు రాత్రులు పడ్డాయి. పొద్దున్నే నిద్రకళ్లతో బడికి పరుగు.

రెండో శని, ఆదివారాల్లో వంతుకు ఎవరూ లేక సత్రానికి తాళం వేశాం. సోమవారం తీసేసరికి రోజూ వచ్చే పెద్దాయన రాలేదు. విచారిస్తే నిమోనియాతో ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసింది. శనివారం మా గుమ్మం దాకా వచ్చి, తాళం చూసి, బస్టాండుకు తిరిగి వెళ్లాడట. గాలి తగలని మూల ఒకటి ఆయనకు అక్కడ ఎప్పటినుంచో ఉండేది. మా దగ్గరికి రావడం మొదలయ్యాక దాన్ని వేరొకరు పట్టుకున్నారు. రెండు రాత్రులు ఎదురుగాలిలో పడుకున్నాడు.

"మీరు తీయరని ముందే చెప్పుంటే నా జాగా నేను వదులుకునేవాణ్ణి కాదు కదా అయ్యవారూ" అన్నాడు. కోపంగా అనలేదు. ఆయన కోలుకున్నాడు కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను.

తీస్తామని చెప్పి తీయకపోవడం అసలు చెప్పకపోవడంకన్నా చెడ్డది. ఆ తర్వాత పద్ధతి మార్చాం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటుందో తమిళం, తెలుగు, కన్నడంలో బోర్డు రాసి గుమ్మానికి కట్టాం. ప్రతి రాత్రికీ నలుగురితో పాటు పిలిస్తే వచ్చే అయిదో మనిషిని ముందే రాసుకున్నాం. వారానికి రెండు వంతులకు మించి ఎవరికీ వేయలేదు. చేతులు చాలని చోట ఆరు వారాలకు బదులు మూడు వారాలే నడపండి. చెప్పిన రాత్రి మాత్రం తప్పకండి.

నేల చలి, కుంపటి గండం

మేం మొదట పైన కప్పడం గురించే ఆలోచించాం. ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది కింది గచ్చు. అట్టపెట్టెలు విప్పి రెండు వరసలు పరిచి, పైన చాప, దానిపైన జంపఖానా వేశాక రెండు దుప్పట్లు అడిగేవాళ్లకు ఒకటే సరిపోయింది.

ఒక రాత్రి దయతో ఎవరో బొగ్గుల కుంపటి తెచ్చి లోపల పెట్టారు. చలిగాలి రాకుండా కిటికీలూ మూశాం. తెల్లారి నలుగురు తలనొప్పి, వాంతులతో లేచారు. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గదిలో కుంపటి వద్దు, రెండు కిటికీలు ఎదురెదురుగా కాస్త తెరిచే ఉంచాలి. దగ్గు ఉన్నవాళ్ల మధ్య ఆ గాలి మరీ అవసరం.

వణుకుతున్న మనిషికి తడిబట్టలు మార్చి, తీపి వేసిన వేడి టీ ఇస్తే తేరుకుంటాడు. వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వస్తుంటే అది ప్రమాదం. చేతులు రుద్దుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. తాగి వచ్చినవాళ్ల మీద ఇంకా కన్నుండాలి. మందు ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించినా లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

ఆడవాళ్లకు లోపల గడియ ఉన్న విడి గది, కాపలాకు ఆడవాళ్లే ఉండాలి. తలదిక్కున మూట పెట్టుకోనివ్వాలి, ఎందుకంటే దానికి భయపడే చాలామంది రారు. పేరు అడగండి, ఆధార్ లేదని మాత్రం తిప్పి పంపకండి. పోలీసు స్టేషనుకు, నగరపాలక సంస్థకు ముందే కాగితం ఇచ్చుకోండి.

జంపఖానాల గొడవ

బడి జంపఖానాలు సత్రానికి తీసుకెళ్లామని తెలిసి కొందరు తల్లులు ప్రధానోపాధ్యాయుణ్ణి నిలదీశారు. "రేపు మా పిల్లలకు గజ్జి వస్తే ఎవరు చూస్తారు?" అన్నది వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. అడగకుండా తీసుకెళ్లడం మా తప్పు. వాటిని వేణ్నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి తిరిగి ఇచ్చేశాం. సత్రానికి వేరే కొన్నాం. నిలదీసినవాళ్లలో ఇద్దరు తర్వాత రాత్రి వంతుకు వచ్చారు. పిల్లలను రాత్రి పనికి పెట్టలేదు. బోర్డులు రాయడం, అట్టలు పోగుచేయడం వాళ్లు చేశారు.

అక్కడే ఒక కూలి కుటుంబంతో ఏడేళ్ల తెలుగు పాప కనిపించింది. ఏ బడిలోనూ పేరు లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడానికి వీల్లేదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాం. సంక్రాంతి తర్వాత పని ముగిసి కుటుంబం వెళ్లిపోయింది. 'అమ్మ', 'ఆవు' దాకా నేర్చుకుంది. ఎక్కడికి వెళ్లినా చూపించుకొమ్మని చదివిన తరగతి కాగితం మీద రాసి ఆ తల్లి చేతిలో పెట్టాం.

ఇది ఎవరి బాధ్యత?

2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివాళ్లు సుమారు 17.7 లక్షలు. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే. ఢిల్లీ చలిలో జనం చనిపోతున్నారని 2010లో సుప్రీంకోర్టు దృష్టికి వెళ్లినప్పుడు, నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున, అదీ 24 గంటలూ తెరిచి ఉండేలా, ఏర్పాటు చేయాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలో దానికి నిధులు పెట్టారు, మనిషికి 50 చదరపు అడుగుల చోటు అని ప్రమాణం పెట్టారు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న మా హాలు ఆ లెక్కన 12 మందికే. మొదటి రాత్రి వచ్చింది 19 మంది.

అంటే మనం చేసేది ఆపద్ధర్మమే. రాత్రికి ఎంతమంది వచ్చారు, ఎంతమందిని చోటు లేక పంపాం అన్నది రోజూ రాసి పెట్టండి. మా ఆ పుస్తకం నకలు జతచేసి శాశ్వత ఆశ్రయం కావాలని నగరపాలక సంస్థకు అర్జీ ఇచ్చాం. జవాబు కోసం తిరుగుతూనే ఉన్నాం. ఈలోగా ఈ డిసెంబరుకు తేదీలు వేశాం, మూడు వారాలు. వంతుల పుస్తకంలో ఇంకా 11 గళ్లు ఖాళీగా ఉన్నాయి. అవి నిండాకే బోర్డు కడతాం.