అవసాన వేళ సంఘసేవిక

“ఇక మేము చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకు వెళ్ళండి” అని పెద్ద ఆస్పత్రిలో చెప్పిన నాడు, ఆ మాట విన్న కుటుంబమునకు తోచు ప్రశ్నలు ఎన్నియో కలవు. రాత్రివేళ నొప్పి వచ్చినచో ఎవరిని పిలువవలెను? చికిత్సకు తెచ్చిన అప్పు ఎట్లు తీరును? పిల్లలను బడికి పంపవలెనా, ఇంట ఉంచవలెనా? అన్నిటికంటె ముందు, రోగికి ఏమి చెప్పవలెను? వీనిలో ఒక్కదానికిని మందుల చీటిలో జవాబు ఉండదు. ఇట్టి ప్రశ్నలకు కుటుంబముతో కలిసి జవాబు వెదకుటయే వృత్తిగా గలవారు కొందరు కలరు. నేటి ప్రసంగములో వారిని గూర్చి శ్రోతలకు మనవి చేయదలచితిమి.

హాస్పిస్ అను ఆంగ్లపదమునకు మూలము ఐరోపాలో యాత్రికులకు ఆశ్రయమిచ్చిన సత్రములలో ఉన్నది. నేడు, వ్యాధి కుదురునను ఆశ లేనివారు బాధ తగ్గి, గౌరవముతో, తమవారి నడుమ తుదిదినములు గడుపుటకు తోడ్పడు సేవకు ఆ పేరు చెల్లుచున్నది. దానికి ప్రత్యేక భవనమే ఉండవలెనను నియమము లేదు. వైద్యుడు, నర్సు, సంఘసేవిక కలిసి రోగి యింటికే వచ్చి చేయు సేవయు హాస్పిస్ సేవయే. ఇచట సంఘసేవ యనగా తీరిక వేళలలో చేయు దానధర్మము కాదు. విశ్వవిద్యాలయములో చదివి, ఆస్పత్రిలో శిక్షణ పొంది చేయు వృత్తి. ఈ వృత్తిలో పురుషులును కలరు. సౌలభ్యము కొరకు సంఘసేవిక యనుచున్నాము.

ఆస్పత్రులలో ఈ ఉద్యోగము లండనులో పుట్టినది. 1895లో రాయల్ ఫ్రీ ఆస్పత్రివారు మేరీ స్టూవర్ట్ అను ఆమెను ఆల్మనరుగా నియమించిరి. ఖర్చు భరింపగలవారు ఉచిత చికిత్స పొందకుండ చూచుట ఆమెకు ఒప్పగించిన పనులలో ముఖ్యమైనది. కాని రోగుల స్థితిగతులు విచారింపబోయిన కొలది, ఇంట తిండిలేనివానికి మందు ఇచ్చి పంపినందువలన ప్రయోజనము స్వల్పమని తేటపడినది. అట్లు లెక్క చూచుటకు ఏర్పడిన పదవి క్రమముగా రోగి కష్టము వినెడు పదవిగా మారినది.

ఆధునిక హాస్పిస్ ఉద్యమమునకు ఆద్యురాలైన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకపూర్వము నర్సుగాను, పిదప ఆల్మనరుగాను పనిచేసినది. 1948లో ఆమె, వార్సా నుండి వచ్చి లండనులో ఒంటరిగా క్యాన్సరుతో మరణించుచున్న డేవిడ్ టాస్మా అను యువకుని కడ తరచుగా కూర్చుండెడిది. అతనికి బంధువులు లేరు. తన బ్రతుకు వలన లోకమునకు ఒరిగినదేమి యన్న వేదన అతనిని నొప్పికంటె అధికముగా బాధించినది. మరణించుచు అతడు ఆమెకు 500 పౌండ్లు విడిచి, ఆమె నెలకొల్పబోవు గృహమునకు తాను ఒక కిటికీ కావలెనని కోరెను. అటుపిమ్మట ఆమె వైద్యము చదివి, 1967లో లండనులోని సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించినది. కిటికీ చుట్టును ఇల్లు కట్టుటకు 19 సంవత్సరములు పట్టినది.

ఆమె ప్రతిపాదించిన ముఖ్యభావము ‘సంపూర్ణ బాధ’ యనునది. రోగి బాధలో శరీరమునకు సంబంధించినది ఒక పాలు మాత్రమే. మనస్సునకు, సంసారమునకు, ఆత్మకు సంబంధించిన పాళ్ళును అందు కలిసియుండును. ఉదాహరణకు, మాత్ర వేసినను రాత్రి నిదురపట్టని రైతును తలచుకొందము. అతనిని మేలుకొలుపునది ఎముకలోని పోటు కావచ్చును. తాకట్టులోనున్న పొలము కావచ్చును. పదేండ్లుగా మాటలు లేని తమ్ముడు కావచ్చును. మొదటిదానిని డాక్టరు చూచును. తక్కిన రెండును ఎవరైనను అడిగిననే గాని బయటపడవు. అడుగుట, విని ఊరకుండక తగిన దారి చూపుట సంఘసేవిక పని.

ఆ పనిలో మిక్కిలి కష్టమైనది నిజము చెప్పు ఘట్టము. “ఆయనకు చెప్పకండమ్మా, తట్టుకోలేరు” అని భార్య సంఘసేవికను ప్రక్కకు పిలిచి వేడుకొనును. లోపల మంచముపై భర్త, “నాకు తెలుసునని దానికి చెప్పకండి, కుమిలిపోతుంది” అనును. ఇద్దరును ఒకే గోడకు చెరియొక ప్రక్క నిలిచి దుఃఖించుచుందురు. సంఘసేవిక ఆ గోడను ఒక్క దెబ్బతో పడగొట్టదు. చెప్పినచో ఏమగునని భయపడుచున్నారో ముందు ఇంటివారిని అడుగును. “మీ జబ్బు గురించి మీకేమి చెప్పారు? ఇంకా తెలుసుకోవాలని ఉందా?” అని రోగిని అడుగును. ఎంత తెలిసికొనవలెనో, అసలు తెలిసికొనవలెనో వద్దో నిర్ణయించుకొను హక్కు రోగిది.

మేమును ఒకప్పుడు ఆ గోడకు ఒక ప్రక్క నిలిచినవారమే. మా తండ్రిగారికి వ్యాధి పేరు చెప్పక నాలుగు నెలలు గడపితిమి. ఆయన పోయిన పిమ్మట, ఆయన చదువుకొను పుస్తకములో ఒక కాగితము దొరికినది. ఎవరికి ఎంత ఇయ్యవలెనో, ఏ దస్తావేజు ఏ పెట్టెలో నున్నదో ఆయన స్వహస్తముతో వరుసగా వ్రాసి పెట్టిరి. ఆయనకు అంతయు తెలిసియే యున్నది. మాటాడుకొనుటకు మిగిలిన ఆ నాలుగు నెలలను మేమే పోగొట్టుకొంటిమి. ఆనాడు మమ్ము ఆ రెండు ప్రశ్నలు అడుగువారు ఉండినచో బాగుండెడిదని నేటికిని అనుకొనుచుందుము.

సంఘసేవిక చేయు పనులలో చూపులకు చిన్నవిగా కనబడునవియు కలవు. నొప్పికి డాక్టరు వ్రాసిన మార్ఫిన్‌ను అలవాటు పడుదురన్న భయముతో ఇంటివారు ఇయ్యక దాచినచో, ఆ భయమును విని డాక్టరుచేత తీర్పించును. రాత్రింబవళ్ళు సేవ చేయుచున్న కోడలికి పూటయైన విశ్రాంతి దొరకునట్లు ఆడపడుచులతో మాటాడును. తుదిదశలో ఏ చికిత్స కావలెనో, ఏది వద్దో ముందుగా వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించినది. 2023లో పద్ధతిని సులభము చేసి, ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసిన పత్రమునకు నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలునన్నది. ఇట్టి సంగతులు కుటుంబములకు తెలుపుటయు ఆమె విధియే.

ప్రాణము పోవుటతో వైద్యుని పని ముగియును. సంఘసేవిక పని ముగియదు. మన పెద్దలు దుఃఖమునకు దినములు ఏర్పరచిరి. హిందువుల ఇండ్లలో పెద్దకర్మ, మాసికములు, సంవత్సరీకము. ముస్లిముల ఇండ్లలో నలువదవ దినము. క్రైస్తవుల ఇండ్లలో ఆదరణ కూడిక. ఇవి దుఃఖితుని ఒంటరిగా విడువని ఏర్పాట్లు. కాని చుట్టములు మూటలు కట్టుకొని వెడలిన మరునాడు ఇల్లు నిశ్శబ్దమగును. ఆప్తవియోగ సేవ అక్కరకు వచ్చునది అప్పుడే. కొన్ని వారముల తరువాత సంఘసేవిక వచ్చి, పోయినవారి పేరు పలికి, వారిని గూర్చి చెప్పించుకొనును. 21 దినములలోగా మరణము నమోదైనదా, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరు, వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టిరా అని విచారించును. “నాన్న ఊరెళ్ళాడు” అని చెప్పిన పిల్లవాడు గుమ్మము కడ ఎదురుచూచుచుండుననియు, వయస్సుకు తగిన మాటలలో నిజము చెప్పుటయే మేలనియు తల్లికి నచ్చచెప్పును.

దుఃఖమునకు అయిదు మెట్లు కలవనియు, అందరును వరుసగా వానిని ఎక్కుదురనియు ఒక నమ్మకము వ్యాపించియున్నది. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అను వైద్యురాలు ఆ అయిదింటిని వర్ణించినది మరణించుచున్న రోగులను గూర్చి. వియోగము పొందినవారి దుఃఖము అట్టి వరుసను పాటింపదు. ఒకనాడు తగ్గి, పండుగనాడు మరల పొంగును. అది జబ్బు కాదు. అయితే నెలలు గడచినను తీవ్రత తగ్గక, నిత్యకృత్యములు సాగనీయని దుఃఖమును ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో చేర్చినది. అందుకు కనీసము ఆరు నెలల గడువు పెట్టినది. ఏది సహజదుఃఖమో, ఏది మానసిక వైద్యునికి చూపదగినదో కనిపెట్టుట సంఘసేవిక నేర్పు.

మన దేశమున బొంబాయిలో 1936లో టాటా సంఘసేవా విద్యాలయము వెలసినది. 1986లో అదే నగరమున శాంతి అవేదన ఆశ్రమము హాస్పిస్ సేవకు నాంది పలికినది. 1993లో కోళిక్కోడులో మొదలైన ఉపశమన సేవ, ఊరి వారినే శిక్షణ నిచ్చి రోగుల ఇండ్లకు పంపు ఉద్యమముగా కేరళమంతట అల్లుకొనినది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆస్పత్రిలో ఉపశమన చికిత్స లభించుచున్నది. స్పర్శ్ హాస్పిస్ అను సంస్థయు సేవ చేయుచున్నది. అవసరము ముందర ఈ ఏర్పాట్లు చాలవు. చాలునంత వరకు ఇరుగుపొరుగు చేయదగిన పని కొంత ఉన్నది.

ఆ పనికి పట్టా అక్కరలేదు. మీ వీధిలో ఎవరింటనైనను రోగి తుదిదినములలో నున్నచో, “ఏమైనా కావాలంటే చెప్పండి” అని వెడలిపోక, ఒక పూట రోగి కడ కూర్చుండి ఇంటివారిని నిదురపోనిండు. కర్మకాండ ముగిసిన నెలకు మరల ఒకసారి ఆ గడప తొక్కుడు. పోయినవారి పేరెత్తినచో దుఃఖము రేగునని వెనుదీయవలదు. ఆ పేరు వినుటకే ఆ ఇంటివారు ఎదురుచూచుచుందురు. ఆస్పత్రిలో “ఇక చేయగలిగింది లేదు” అన్న మాట రోగమునకు మాత్రమే వర్తించును. మనుష్యునికి చేయగలిగినది తుదివరకును, ఆ తరువాతను ఉన్నదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.