చిత్రపరంపరలును ప్రేమపాత్రులును

ఒకే కథను పెక్కు చిత్రములుగా విస్తరించి, అపారధనము వెచ్చించి హాలీవుడ్ నిర్మాతలు తీయు చిత్రపరంపరలు మన విద్యార్థులకు సుపరిచితములే. పూర్వము తెల్లవారికే దక్కిన ముఖ్యపాత్రలు నేడు నల్లజాతివారికిని, ఆసియా సంతతివారికిని లభించుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పు. అయినను తెరమీద నిలుచుట వేరు, కథలో ఒకరి ప్రేమకు పాత్రులగుట వేరు. ఈ భేదమును చదువరులు గమనింపవలెనని నా కోరిక.

దీనికొక పూర్వచరిత్ర కలదు. 1930లో హాలీవుడ్ సంస్థలు ఒక నియమావళిని ఏర్పరచుకొనెను. 1934 నుండి అది కఠినముగా అమలు జరిగెను. తెల్లవారికిని నల్లవారికిని నడుమ ప్రణయమును చూపరాదని అందొక నియమము. చైనాలో మిషనరీల బిడ్డగా పెరిగిన పెర్ల్ బక్ రచించిన ‘ది గుడ్ ఎర్త్’ నవల 1937లో చిత్రముగా వెలువడెను. అది చైనా రైతుదంపతుల కథ. కాని రైతు వేషము తెల్లవాడగు పాల్ మునికి, భార్య వేషము లూయిజ్ రైనర్‌కు దక్కెను. అప్పటికే ప్రఖ్యాతి గాంచిన చైనా సంతతి నటి అన్నా మే వాంగ్ ఆ భార్యపాత్రనే కోరియుండెను. ఆమెకు చూపినదో, ఆ సంసారమున కలతలు రేపు రెండవ స్త్రీ పాత్ర! ఆమె దానికి సమ్మతింపలేదు.

ఆ నియమావళి 1968లో తొలగెను. అలవాటు తొలగినదా యన్నది ప్రశ్న.

‘స్టార్ వార్స్’ పరంపరను చూడుడు. 2015 నాటి చిత్రమున దుష్టసైన్యమును విడిచి వచ్చిన ఫిన్ అను యువకుని పాత్రను, నైజీరియా సంతతివాడగు జాన్ బొయేగా ధరించెను. 2017 నాటి చిత్రమున రోజ్ అను యంత్రపు పనివారి పిల్ల తన ప్రాణమునకు తెగించి ఫిన్‌ను రక్షించి, తన ప్రేమను వెల్లడించెను. ఈ పాత్రధారిణి కెల్లీ మేరీ ట్రాన్ వియత్నాం శరణార్థుల కుమార్తె. కొందరు ప్రేక్షకులు ఆమెను ఎంతగా దూషించిరనగా, 2018లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ పుటనంతటిని చెరిపివేసెను. 2019 నాటి చిత్రము రెండు గంటలకు మించినది. అందు రోజ్ కనబడునది ఒకటి రెండు నిమిషములే. ఆ ప్రేమ యేమైనదో ఒక్క మాటయైనను లేదు. ఫిన్ నాయిక రేకు ఏదియో చెప్పబోవును. చిత్రము ముగియువరకు చెప్పడు. రే ముద్దు తండ్రిని చంపి, తుదకు మారిన కైలో రెన్‌కు దక్కెను. వారిరువురును తెల్లవారు.

2016లో మరణించిన క్యారీ ఫిషర్ పాత దృశ్యములతో రోజ్ సన్నివేశములు కొన్ని చక్కగా అతుకలేదని రచయితలలో నొకడు సమాధానము చెప్పెను. కావచ్చును. కాని ఒక ప్రేమకు ముగింపు చెప్పుటకు రెండు వాక్యములు చాలునుగదా! నల్లజాతి పాత్రను ముఖ్యమైనదిగా ప్రకటించి పిమ్మట ప్రక్కకు నెట్టుట తగదని 2020లో బొయేగా బహిరంగముగనే పలికెను.

ట్రాన్ 2021లో ‘రాయా అండ్ ది లాస్ట్ డ్రాగన్’ అను బొమ్మలచిత్రమునకు ప్రధాననాయికయై గాత్రమిచ్చెను. అది శౌర్యమును, స్నేహమును తెలుపు చక్కని కథ, పిల్లలకు చూపదగినది. అందు ప్రణయకథ లేనేలేదు.