స్పీకరు పెట్టెలో డీఎస్పీ

డీఎస్పీ యనగా ఇచట పోలీసు అధికారి కాడు; ధ్వనిని అంకెలలో లెక్కించు చిప్. మామూలు పెట్టెలో ఆంప్లిఫయరు పంపిన ధ్వనిని కాయిళ్లు, కెపాసిటర్లు మంద్ర తారములుగా విడదీయును. డీఎస్పీ బోర్డు ఆ విభజనను ముందుగనే చేసి, వూఫరుకు, ట్వీటరుకు వేర్వేరు ఆంప్లిఫయర్ల నిచ్చును. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ ప్రకటించిన పద్ధతి నేటికిని ఇందుకు వాడుకలో నున్నది. ట్వీటరు 3.4 సెంటీమీటర్లు ముందున్నచో దాని ధ్వనిని సెకనులో పదివేలవ వంతు ఆపిన చాలును.

ఇంట పెట్టె కట్టుకొను శ్రోతలకు మా హెచ్చరిక యొకటి. బోర్డులో విభజన ఎక్కింపక మునుపు ట్వీటరు తగిలింపరాదు. మంద్రధ్వని సూటిగా చొచ్చి దాని సన్నని తీగచుట్ట మాడిపోవును. వరుసలో నొక కెపాసిటరు నుంచుట మేలు.

బ్లూటూత్ పాటలకు చాలును. సినిమాలో మాత్రము పెదవి కదలిన పిమ్మట మాట వినబడుట కద్దు. టెలివిజనుకు తీగయే కలుపుడు.