రక్తం కన్నా ముందు మెదడుకే లోటు

పిల్లాడు బలపం కొరుకుతుంటే వీపు మీద ఒకటేసి లాక్కుంటాం. గోడ సున్నం గీకి తినే పిల్లనీ, డబ్బాలోంచి పచ్చి బియ్యం తీసి నములుతూ ఉండే కోడలినీ ‘ఇదేం పాడు అలవాటు’ అని కసురుకుంటాం. డాక్టరు చెవిన ఈ మాట పడితే మాత్రం ముందు రక్త పరీక్ష రాస్తారు. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లకు తిండి కాని వాటి మీదకు మనసు పోవడం తరచూ కనిపించే లక్షణం. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక చాలామందిలో ఆ యావ దానంతటదే పోతుంది.

రక్తహీనత అనగానే నీరసం, ఆయాసం, పాలిపోయిన కళ్లు గుర్తొస్తాయి. మెదడు ఎవరికీ గుర్తు రాదు. ఉత్సాహానికి, ఏకాగ్రతకు అవసరమైన డోపమైన్ తయారు కావాలన్నా, నరాల కణాలకు శక్తి అందాలన్నా ఇనుము ఉండాల్సిందే. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు నరాల పోగులకు మయెలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతాలు వేగంగా సాగేది దానివల్లే. ఆ పొరను అల్లే కణాలకు ఇనుము మరీ అవసరం. ఆ అల్లిక జోరుగా సాగేది బిడ్డ కడుపులో ఉన్న చివరి నెలల్లో, పుట్టాక తొలి రెండేళ్లలో.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇనుము చాలనప్పుడు పసివాళ్ల శరీరం ఉన్న కాస్తా ముందు ఎర్ర రక్తకణాలకే పంపుతుంది. మెదడు వంతు ఆ తర్వాతే. హిమోగ్లోబిన్ తగ్గిందని రిపోర్టులో తేలేసరికి మెదడు అప్పటికే పస్తులుంటోందన్నమాట. అందుకే ‘హెచ్‌బీ పర్లేదు’ అన్న ఒక్క మాటతో నిశ్చింతగా ఉండటం నాకు సమ్మతం కాదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కన్నా తగ్గితే లోపం ఉన్నట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మధ్య అమెరికాలోని కోస్టారికాలో బెట్సీ లోజాఫ్ అనే వైద్య పరిశోధకురాలు 1980లలో ఏడాది, రెండేళ్ల వయసు పిల్లలను పరీక్షించారు. ఇనుము లోపం ఉన్నవాళ్లకు మందు ఇచ్చారు. రక్తం బాగుపడింది. కానీ ఆ పిల్లలకు 19 ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ పోతే, తీవ్రమైన లోపం చాన్నాళ్లు ఉన్నవాళ్లు తెలివితేటల పరీక్షల్లో తోటివాళ్ల కన్నా వెనకబడే ఉన్నారు. పేదిళ్ల పిల్లల్లో ఆ తేడా వయసుతోపాటు ఇంకా పెరిగింది. చేయి దాటాక ఇచ్చిన మందు రక్తాన్ని నింపింది గానీ పోయిన కాలాన్ని తిరిగివ్వలేదు.

ఇప్పుడు మన సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రెండు చోట్లా ఆడవాళ్లలో సగానికి మించి ఇదే స్థితి. నులిపురుగులు, బీ12 లోపం, ఇన్ఫెక్షన్లు కూడా కారణాలే అయినా ఇనుము లోపానిదే పెద్ద వాటా. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో కొలువై ఉన్న గడ్డ మీద ఈ అంకెలు చూస్తే బాధేస్తుంది.

గర్భిణులకు ప్రభుత్వం రోజుకొకటి చొప్పున 180 రోజులు ఎర్ర మాత్రలు ఇస్తుంది. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆ అట్టలు చాలా ఇళ్లలో విప్పకుండానే బీరువాలో పడి ఉంటాయి. వికారమనీ, మలబద్ధకమనీ మానేస్తారు. మలం నల్లబడిందని హడలిపోతారు, బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటావిడ చెబితే నమ్ముతారు. మలం నల్లబడటం మాత్ర వల్లే, ప్రమాదం లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధమే లేదు. రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటే వికారం తగ్గుతుంది. క్యాల్షియం మాత్రను వేరే పూటకు మార్చుకోవాలి.

కాన్పు గదిలోనూ ఒక అవకాశం ఉంది. బొడ్డుతాడును వెంటనే బిగించకుండా నిమిషం నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయ నుంచి బిడ్డకు అదనపు రక్తం, దాంతోపాటు కొన్ని నెలలకు సరిపడా ఇనుము చేరుతుంది. పైసా ఖర్చు లేదు. డాక్టరును ముందే అడగండి.

తిండి విషయానికొస్తే, పోషకాహార సంస్థ లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఓ బెల్లం ముక్కతో, రెండు ఖర్జూరాలతో అది తీరదు. తోటకూర, మునగాకు, సజ్జలు, పప్పులు రోజూ ఉండాలి. వాటి మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మాంసం తినేవాళ్లకు కార్జం మేలు. భోజనం కాగానే టీ తాగడం మాత్రం మానాలి, తిన్నదాంట్లోని ఇనుమును అది అడ్డుకుంటుంది.

అలాగని మగవాళ్లు బలం కోసమంటూ ఐరన్ మాత్రలు కొనుక్కోవద్దు. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి శరీరానికి లేదు. పార్కిన్సన్స్, అల్జీమర్స్ రోగుల మెదడులో కొన్ని చోట్ల ఇనుము పేరుకుపోయి కనిపిస్తుంది. తలసీమియా ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

ఇంట్లో గర్భిణి ఉంటే ఎర్ర మాత్ర వేసుకుందో లేదో రోజూ అడగండి. ఆ పని భర్తదీ, అత్తగారిదీ కూడా. బిడ్డకు ఆరో నెల నిండగానే ఐరన్ సిరప్ కోసం ఆశా కార్యకర్తను కలవండి. అది ఉచితం.