వంటింటి వాకిట తొలి బడి

శ్రావణమాసపు ముసురు పట్టిందంటే మణుగూరు ప్రాంతంలో పిల్లలకు వీథి మూతపడుతుంది. గోదావరికి ఈవల మణుగూరు, ఆవల భద్రాచలం. చుట్టూ అడవి, నడుమ సింగరేణి బొగ్గు గనులు. గనిలో రాత్రిపని ముగించి వచ్చిన తండ్రి పగటిపూట కన్ను మూస్తాడు. ఇంట్లో అలికిడి కాకూడదు. బయట వాన. నాలుగేళ్ల పసివాడినీ, ఏడేళ్ల పిల్లనూ తల్లి ఏమి చేసి కూర్చోబెట్టగలదు? నేడు చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు దొరుకుతున్న సమాధానం ఒక్కటే: సెల్‌ఫోను.

ఆ తల్లిని నిందించి లాభం లేదు. ఆమెకు వేరొక సులభోపాయం చూపినవారు ఎవరు? ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొన్ని సూచనలు ప్రకటించింది. ఏడాది నిండని శిశువులకు తెర అసలే చూపరాదనీ, రెండు నుంచి నాలుగేళ్ల వయసువారికి దినానికి ఒక గంటకు మించరాదనీ, అది ఎంత తగ్గితే అంత మేలనీ ఆ సూచనల సారం. అయితే వద్దన్న దానిని మాన్పించడం కన్న, దాని స్థానంలో చేయదగిన పని చూపడం ముఖ్యం. ఆ పని వంటింటి గడప దగ్గరనే ఉన్నది. గుప్పెడు పిండి, నాలుగు ఆకులు, ఒక కుంపటి. అంతకు మించిన పరికరాలు అక్కరలేదు.

పిండిముద్దతో ఆరంభం

రెండు గిన్నెల గోధుమపిండికి ఒక గిన్నె ఉప్పు కలిపి, నీరు కొద్దికొద్దిగా పోసి, చపాతీ పిండివలె గట్టిగా పిసికితే బొమ్మలు చేసే ముద్ద సిద్ధమవుతుంది. ఒకటి రెండు చుక్కల నూనె చేర్చితే చేతికి అంటుకోదు. ఉప్పు ఎక్కువగా ఉన్నందువల్ల త్వరగా చెడిపోదు. నీడపట్టున నాలుగైదు రోజులు ఆరబెడితే రాయివలె గట్టిపడుతుంది. కాని అదే ఉప్పు పసివారి కడుపులోకి పోరాదు. ఇది ఆటముద్ద, తినే ముద్ద కాదు అని మొదటనే చెప్పి, దగ్గర ఉండి చూసుకోవాలి.

ఈ ముద్దను పిల్లవాడు మొదట నలుపుతాడు, పొడుస్తాడు, ముక్కలు చేస్తాడు. పెద్దలకది వృథా కాలక్షేపంగా కనిపించవచ్చు. కాని పలకమీద బలపం పట్టవలసిన వేళ్లకు కావలసిన పట్టు ఆ నలపడంలోనే వస్తుంది. తరువాత ముద్ద పామవుతుంది, పాము చుట్టుకొని గిన్నె అవుతుంది, గిన్నెలో గుండ్రని మినపసున్ని ఉండలు పుడతాయి. ‘నాకు మూడు, చెల్లికి రెండు’ అనగానే లెక్కల పాఠం ప్రారంభమైనట్లే. ఎవరూ ఎక్కం వల్లించమనలేదు.

ముద్దలో కొంచెం పసుపు కలిపితే మరొక వింత. పసుపు ముద్దపై వంటసోడా కలిపిన నీటిచుక్క పడితే అక్కడ రంగు ఎరుపుదిక్కుకు తిరుగుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. శుభకార్యాలలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసే అమ్మమ్మకు ఈ సంగతి కొత్త కాదు. పసుపులోని రంగుద్రవ్యం క్షారం తగిలితే ఎర్రబడుతుందనీ, ఆమ్లం తగిలితే మొదటి రంగుకు వస్తుందనీ పెద్ద తరగతులలో శాస్త్రం చెబుతుంది. వంటింటిలో చూచిన పిల్లకు అప్పుడు ఆ పాఠం పాత స్నేహితునివలె ఎదురుపడుతుంది. సున్నం మాత్రం కంటికీ చర్మానికీ హాని చేస్తుంది గనుక పిల్లల చేతికి ఇవ్వరాదు. సోడా నీరే చాలు.

ఆకులు నేర్పే లెక్క

మణుగూరు చుట్టుపట్ల పిల్లలకు పట్నపు పిల్లలకు లేని భాగ్యం ఒకటి ఉన్నది. రంగు కాగితాలు కొనకముందే అడవి వారికి ఆకులిస్తుంది. మోదుగాకులనూ అడ్డాకులనూ సన్నని పుల్లలతో కుట్టి విస్తరి చేయడం ఈ సీమలో తరతరాల విద్య. నడుమ ఒక పెద్ద ఆకు ఉంచి, చుట్టూ ఒకదాని అంచుపై మరొకటి కప్పుతూ పోవాలి. అంచులు చాలినంతగా కలవకపోతే పప్పు కారిపోతుంది. ఎక్కువగా కలిస్తే ఆకులు చాలవు. పుల్ల మరీ లోతుగా గుచ్చితే ఆకు చీలుతుంది. వృత్తమూ, కేంద్రమూ, సమాన భాగాలూ అనే మాటలు వినకమునుపే ఏడేళ్ల పిల్ల ఆ మూడింటినీ వేళ్లతో తెలుసుకుంటుంది.

మాఘ ఫాల్గుణాలలో మోదుగు పూలు అడవిని కాషాయరంగు చేస్తాయి. రాలిన పూలను ఏరి తెచ్చి నీటిలో మరిగిస్తే చక్కని రంగు దిగుతుంది. తెలంగాణ పల్లెలలో కాముని పున్నమి నాడు చల్లుకొనే రంగు ఇదే. పాత గుడ్డముక్కను అక్కడక్కడ దారంతో ముడివేసి ఆ నీటిలో ముంచి, ఆరిన తరువాత ముడులు విప్పితే తెల్లని చక్రాలు బయటపడతాయి. మరిగించే పని పెద్దలది. ముడులు వేయడం, విప్పి కేకలు వేయడం పిల్లలది.

చింతగింజలతో ముగ్గులు, వెదురు పుల్లలతో బుల్లి పందిళ్లు, ఎండుటాకులతో పక్షులు. ఇట్లా చెప్పుకొంటూ పోతే అంతం లేదు. అయితే ఒక హెచ్చరిక అవసరం. ఎర్రగా నిగనిగలాడే గురివింద గింజ చూపులకు ఎంత ముద్దుగా ఉంటుందో లోపల అంత విషం. నమిలి మింగితే ప్రాణాపాయం. ఆముదపు గింజలు, ఉమ్మెత్త గింజలు కూడ అటువంటివే. వాటిని పసివారి ఆటసామగ్రిలో చేర్చరాదు. మూడేళ్లలోపు వారికి ఏ చిన్నగింజ అయినా గొంతుకు అడ్డుపడే ప్రమాదం కలదు. ఏ ఆకు మంచిది, ఏ కాయ చెడ్డది అని పిల్లకు చెప్పడం కూడ ఈ చదువులో భాగమే.

కుంపటి మీద కాల్పు

కాల్చి చేసే తినుబండారాలు మనవి కావనీ, వాటికి ఖరీదైన పొయ్యి కావాలనీ కొందరి భావన. దిబ్బరొట్టె తిన్నవారు ఆ మాట అనరు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి గిన్నెలో పోసి, కింద సన్నని సెగ, మూతపైన నిప్పులు ఉంచి కాల్చిన ఆ రొట్టె పైన ఎర్రగా, కరకరలాడుతూ, లోపల దూదివలె ఉంటుంది. పైనుంచీ కిందినుంచీ వేడి సమానంగా తగలడమే కాల్పు పొయ్యి రహస్యం. ఆ రహస్యం మన అవ్వలకు ఏనాడో తెలుసు.

అదే పద్ధతిలో రాగి బిస్కత్తులు చేయవచ్చు. ఒక గిన్నె రాగిపిండి, అర గిన్నె గోధుమపిండి, అర గిన్నె బెల్లపు పొడి, అర గిన్నె నెయ్యి, చిటికెడు వంటసోడా, రెండు చెంచాల పుల్లమజ్జిగ కలిపితే చాలు. కొలవడం, జల్లించడం, కలపడం, చిన్న ఉండలు చేసి అరచేతితో అదమడం అంతా పిల్లలే చేయగలరు. వెడల్పైన మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఇసుకగాని, ఉప్పుగాని పోసి, దానిపై చిన్న కుదురు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. తరువాత బిస్కత్తులు పేర్చిన పళ్లెం కుదురుపై ఉంచి సన్నని సెగన పదిహేను ఇరవై నిమిషాలు కాల్చాలి. పొయ్యి ముట్టించడం, పళ్లెం దింపడం పూర్తిగా పెద్దల పని. నేలపై ఒక గీత గీసి, పిల్లలను ఆ గీత దాటనివ్వకపోవడం మంచిది. బొగ్గులు వాడేవారు తలుపులు మూసిన గదిలో వెలిగించరాదు.

ఇందులో ప్రతి దశలోనూ ఒక ప్రశ్న దాగి ఉన్నది. మజ్జిగ తగలగానే సోడా ఎందుకు పొంగింది? పులుపుతో కలిసి అది బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఆ బుడగలే బిస్కత్తును గుల్లచేస్తాయి. గోధుమపిండి ఎందుకు? రాగిలో సాగేగుణం లేదు. గోధుమలోని జిగట పదార్థం లేకపోతే ఉండ విరిగిపోతుంది. పొయ్యి మీదినుంచి దింపినప్పుడు మెత్తగా ఉన్నది చల్లారాక ఎందుకు గట్టిపడింది? కరిగిన నెయ్యీ బెల్లమూ తిరిగి గడ్డకట్టడం వల్ల. మొదటి వాయి మాడిపోతే మరీ మంచిది. ఎందుకు మాడిందో ఆలోచించి రెండవ వాయికి సెగ తగ్గించిన పిల్ల, జీవితంలో మరువరాని పాఠం నేర్చుకొన్నట్లే.

పోషణ విషయం కూడ చిన్నది కాదు. నూరు గ్రాముల రాగులలో సున్నపు ధాతువు సుమారు 350 మిల్లీగ్రాములు. అంతే బియ్యంలో అది సుమారు పది మిల్లీగ్రాములు. రాగి జావ వద్దని మూతి తిప్పుకొనే పసివాడు తాను అదిమిన బిస్కత్తును వద్దనడు.

ఇంటి విద్య, బతుకు విద్య

ఇది కేవలం పిల్లలాట అనుకొనేవారు గోదావరి దాటి భద్రాచలం వైపు చూడవలెను. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ తరువాత రెండేళ్లకు, 2025 జూన్ 29న, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’ రేడియో ప్రసంగంలో భద్రాచలం మహిళలను పేర్కొన్నారు. ఒకప్పుడు పొలాలలో కూలిపని చేసినవారు స్వయం సహాయక సంఘంలో చేరి, శిక్షణ పొంది, చిరుధాన్యాలతో బిస్కత్తులు తయారు చేస్తున్నారనీ, ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ అనే పేరుతో అవి హైదరాబాదు మొదలు లండను వరకు పోతున్నాయనీ చెప్పారు. పేదవాని కూడుగా ఎంచబడిన ధాన్యం, ఆడవారి పని అని తేలికగా చూడబడిన వంట. ఈ రెండూ కలిసి ఒక ఊరి స్త్రీలకు జీవనాధారమూ గౌరవమూ తెచ్చాయి.

విద్యావేత్తలు ఈ సంగతిని ఎన్నడో గుర్తించారు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసివారి కోసం బడి నెలకొల్పినప్పుడు మట్టినీ కాగితాన్నీ కొయ్యముక్కలనూ పాఠ్యవస్తువులుగా స్వీకరించాడు. రోములో 1907లో తొలి శిశుగృహం తెరచిన మాంటిస్సోరీ, నీళ్లు ఒంపడం, ఊడ్చడం, బొత్తాలు పెట్టుకోవడం వంటి ఇంటిపనులనే తొలి అభ్యాసాలుగా చేసింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన మౌలిక విద్యకు ఆధారం చేతిపనియే. తెలుగునాట ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించి, పిల్లలకు ఆటపాటలే చదువని చాటారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడ మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి, ఆట ద్వారా, చేత ద్వారా నేర్పవలెనని చెబుతున్నది.

ఇంతమంది చెప్పిన తరువాత మిగిలినది ఉపాధ్యాయుని వంతు. మణుగూరు పరిసరాల బడులకు గనికార్మికుల పిల్లలూ వస్తారు, కోయ గూడేల పిల్లలూ వస్తారు. కోయ పిల్లకు ఇంటిభాష ఒకటి, పుస్తకభాష మరొకటి. మొదటిరోజు పాఠంలో తనకు తెలిసినది ఒక్కటీ కనిపించకపోతే ఆ పిల్ల తనకేమీ తెలియదనే నిశ్చయానికి వస్తుంది. బడి మానేవారిలో ఎందరి మొదటి అడుగు ఇక్కడ పడుతున్నదో ఆలోచించవలసిన విషయం. అదే పిల్లకు నాలుగు ఆకులిచ్చి, ‘విస్తరి కుట్టడం మాకు నేర్పమ్మా’ అని ఉపాధ్యాయుడు అడిగినాడనుకొందాం. ఆ గంటసేపు ఆమెయే గురువు. ఆకునూ పుల్లనూ తన భాషలో ఏమంటారో ఆమె చెబుతుంది. తెలుగులో ఏమంటారో తోటివారు చెబుతారు. రెండు భాషల నడుమ వంతెన పడుతుంది. ఇంట్లో అవ్వకు తెలిసినది కూడ విద్యయే అని ఆ పిల్లకు తెలిసిన రోజున, బడి ఆమెకు పరాయి చోటు కాదు.

ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. ‘ఈ ఆదివారం ఇంట్లో ఒక వస్తువు చేసి, సోమవారం తెచ్చి, ఎట్లా చేసినారో చెప్పండి’ అనే ఇంటిపని చాలు. తెచ్చిన వస్తువు వంకరగా ఉండవచ్చు, బిస్కత్తు ఒకవైపు మాడి ఉండవచ్చు. మార్కులు వేయక, అందరూ తలా ఒక ముక్క తిని చూడవలెను.

ముసురు ఇంకా తగ్గలేదు. రాత్రిపని చేసి వచ్చిన తండ్రి సాయంత్రం లేచేసరికి ఇల్లంతా కాలిన బెల్లపు వాసన. ముఖమంతా పిండి పూసుకొన్న నాలుగేళ్లవాడు, అక్క కుట్టిన విస్తరాకులో మూడు బిస్కత్తులు పెట్టి, ఒలకకుండా పట్టుకొని వచ్చి, ‘నాన్నా, మూడు నీకే’ అంటాడు. లెక్క సరిపోయినది. ఆకు చీలలేదు. నిద్రపోతున్న నాన్నను లేపకుండ ఒక పగలంతా గడిచిపోయినది కూడ.