చిన్న దీవులు, పెద్ద స్కోర్లు

ఆదిలాబాద్ లైను చీలే మాజ్రి జంక్షన్‌లో ఎటు రైలెక్కినా, సముద్రం చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం తప్పదు. ఆ పక్కనే ఉన్న భద్రావతి పట్టణమంత జనాభా కూడా లేని దీవులు మాత్రం జాతీయ జట్లు కట్టి అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. పదకొండు మందిని పోగేయడమే గండమైన చోట స్కోర్లు కూడా వింతగానే ఉంటాయి. వాటిలో కొన్ని ఇవి.

మూడు మ్యాచ్‌లు, 114 గోల్స్

2015 పసిఫిక్ క్రీడలు పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో జరిగాయి. అండర్-23 జట్లు ఆడిన ఫుట్‌బాల్ పోటీలో మైక్రొనీషియా తహితి చేతిలో 30-0తో, ఫిజీ చేతిలో 38-0తో, వనువాటు చేతిలో 46-0తో ఓడింది. ఆఖరి మ్యాచ్‌లో దాదాపు రెండు నిమిషాలకో గోల్ పడింది. వనువాటు ఆటగాడు జీన్ కల్టాక్ ఒక్కడే 16 కొట్టాడు. లక్ష పైచిలుకు జనం ఉన్న మైక్రొనీషియా దీవులు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా సముద్రంలో చెల్లాచెదురుగా ఉంటాయి. జట్టంతా ఒకచోట చేరి సాధన చేయడమే గగనం. ఆ దేశం ఫిఫా సభ్యురాలు కాదు గనుక ఈ స్కోర్లు అధికారిక రికార్డులకు ఎక్కలేదు.

ఒక్క ఆటగాడితో తారుమారు

రియో ఒలింపిక్స్‌కు అర్హత తేల్చింది కూడా ఆ పోటీయే. సెమీఫైనల్లో వనువాటుపై 2-0తో నెగ్గిన న్యూజిలాండ్ అర్హత లేని ఆటగాణ్ణి దింపిందని తేలడంతో విజయం వనువాటుకు దక్కింది. ఫైనల్లో గోల్ పడలేదు. పెనాల్టీల్లో 4-3తో గట్టెక్కిన ఫిజీ రియోకు వెళ్ళి, మూడు మ్యాచ్‌ల్లో 23 గోల్స్ ఇచ్చుకుని, ఒక్కటే కొట్టింది. మెక్సికోపై ఆ గోల్ చేసిన రాయ్ కృష్ణ తర్వాత ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో కోల్‌కతా జట్టు ఏటీకేకు ఆడి, 2019-20 సీజన్‌లో 15 గోల్స్ సాధించాడు.

చెరకు తోటల్లోంచి మైదానానికి

1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అక్కడి దక్షిణ భారతీయులు 1926లో పెట్టుకున్న సంగం ఈస్టర్ సమయంలో జరిపే మహాసభల్లో ఫుట్‌బాల్ పోటీలు కూడా ఉంటాయి. దేశం మొత్తానికి ఆటను నడిపే సంఘం 1938లో పుట్టినప్పుడు దాని పేరు ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. 1961లో పేరులోంచి ‘ఇండియన్’ తీసేసి అన్ని జాతులవారికీ తలుపులు తెరిచారు. రెండేళ్ళకు సువాలో తొలి దక్షిణ పసిఫిక్ క్రీడలు (ఇప్పటి పసిఫిక్ క్రీడలు) జరిగాయి. సొంత గడ్డపై ఫిజీ ఫైనల్ దాకా వచ్చి, న్యూ కాలెడోనియా చేతిలో 8-2తో ఓడింది. ఈ క్రీడల ఫుట్‌బాల్‌లో ఎక్కువ స్వర్ణాలు న్యూ కాలెడోనియావే.

స్కోరుబోర్డే లెక్క తప్పింది

2001 ఏప్రిల్ 11న కాఫ్స్ హార్బర్‌లో ఆస్ట్రేలియా 31-0తో అమెరికన్ సమోవాను ఓడించింది. ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌ల్లో ఇంతకు మించిన తేడా లేదు. ఆర్చీ థాంప్సన్ 13, డేవిడ్ జ్‌డ్రిలిచ్ 8 కొట్టారు. గోల్స్ ఎంత వేగంగా పడ్డాయంటే, బోర్డు మీద 32 కనిపించింది. మళ్ళీ లెక్కపెట్టి 31 అని తేల్చారు. పాస్‌పోర్టుల చిక్కుతో అమెరికన్ సమోవా అసలు జట్టులో ఒక్క గోల్‌కీపర్ నిక్కీ సలాపు మాత్రమే మిగిలాడు. పోగుచేసినవాళ్ళలో పదిహేనేళ్ళ కుర్రాళ్ళు కూడా ఉన్నారు.

వరుసగా 30 ఓటముల తర్వాత 2011 నవంబర్ 22న అపియాలో ఆ జట్టు 2-1తో టోంగాను ఓడించింది. గోల్‌లో ఉన్నది అదే సలాపు. ఆ మ్యాచ్‌తోనే ఆ జట్టులోని జయ్యా సయేలువా ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఆడిన తొలి ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణి అయింది.

గెలవడానికి సెల్ఫ్ గోల్

1994 జనవరి 27, కరీబియన్ కప్ అర్హత పోటీ. ముందుకు వెళ్ళాలంటే బార్బడోస్ గ్రెనడాను రెండు గోల్స్ తేడాతో ఓడించాలి. డ్రా అయితే అదనపు సమయం, అందులో ఆటను ముగించే గోల్డెన్ గోల్ రెండింటికి సమానం అన్నది ఆ ఏటి నిబంధన. 83వ నిమిషంలో గ్రెనడా ఒకటి కొట్టడంతో బార్బడోస్ ఆధిక్యం 2-1కి తగ్గింది. మరో గోల్ కోసం తంటాలు పడేకంటే డ్రా చేసుకోవడమే నయమని తోచి, బార్బడోస్ డిఫెండర్ సీలీ 87వ నిమిషంలో బంతిని సొంత గోల్‌లోకే తన్నాడు. ఎత్తు అర్థమైన గ్రెనడా తనూ సెల్ఫ్ గోల్ చేసుకోబోయింది. 3-2తో ఓడినా దానికి చాలు మరి. ఆ చివరి నిమిషాల్లో బార్బడోస్ ఆటగాళ్ళు మైదానం రెండు కొసల్లోనూ కాపలా కాశారు. అదనపు సమయంలో బార్బడోస్ ఆటగాడు థోర్న్ కొట్టిన గోల్‌తో 4-2. మైదానంలో ఎవరూ నిబంధన మీరలేదు; తప్పంతా నిబంధన రాసినవాళ్ళదే.

ఇంటిపేరు తెహావు

2012 ఓషియానియా నేషన్స్ కప్‌లో తహితి 10-1తో సమోవాను చిత్తుచేసింది. ఆ పదిలో తొమ్మిది ముగ్గురు తెహావు అన్నదమ్ములు, వాళ్ళ దాయాది కలిసి కొట్టినవే. కప్పు గెలిచిన తహితి మరుసటి ఏడు కాన్ఫెడరేషన్స్ కప్‌కు బ్రెజిల్ వెళ్ళి, మరకానాలో స్పెయిన్ చేతిలో 10-0తో ఓడింది. అక్కడ తహితి చేసిన ఒకే ఒక గోల్ నైజీరియాపై, అదీ ఓ తెహావుదే: జొనాథన్.

విమానాలు లేనప్పుడు మైదానం

పదకొండు వేల జనాభా ఉన్న తువాలులో విశాలమైన ఖాళీ స్థలం అంటే ఫునాఫుటి విమానాశ్రయ రన్‌వేనే. విమానాలు లేని సాయంత్రాల్లో జనం దాని మీదే ఆడుకుంటారు. అలాంటి దేశం 2007 పసిఫిక్ క్రీడల్లో తహితితో 1-1తో డ్రా చేసుకుంది. అవి ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లు కూడా కావడంతో, ఫిఫా సభ్యత్వం లేకుండానే ఆ పోటీల్లో ఆడిన తొలి దేశంగా తువాలు నిలిచింది.

అన్నిటికన్నా చిన్నది

2017 కరీబియన్ కప్ ఫైనల్లో కురసావో 2-1తో జమైకాను ఓడించింది. కురసావో జనాభా లక్షన్నర, అంటే చంద్రపూర్ నగరంలో సగం. 2025 నవంబర్ 18న కింగ్‌స్టన్‌లో అదే జమైకాను గోల్ లేకుండా ఆపి, 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. పురుషుల ప్రపంచకప్‌కు చేరిన దేశాల్లో జనాభాలో ఇదే అతి చిన్నది. అంతకుముందు ఆ రికార్డు ఐస్‌లాండ్‌ది. అదీ ద్వీపమే.